గౌసియా టీచర్ టెంటు బడి

ఇంగ్లీషులో అయిపోయిన పని గురించి చెప్పాలంటే మాట చివర ఈ, డీ అని రెండక్షరాలు తగిలిస్తారు. మన బళ్లలో ఆ రెండక్షరాలు ఎక్కడ కనబడినా 'ఎడ్' అనే చదివించారు. వాకెడ్, జంపెడ్, కుకెడ్. సారు అట్లా చదివాడు, పిల్లలు అట్లా అప్పజెప్పారు, ఆ పిల్లల్లో కొందరు పెరిగి సార్లయి మళ్లీ అదే చదివించారు. ఊళ్లో ఉన్నంతకాలం దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు. పట్నం పోయి నలుగురి ముందు నోరు తెరిచిన రోజున తెలుస్తుంది నష్టమేమిటో.

గౌసియా బేగంకు ఆ రోజు హన్మకొండలో వచ్చింది. జనగామలో పుట్టి, ఏడో తరగతి దాకా ఉర్దూ మీడియంలోను, ఆ పైన తెలుగు మీడియంలోను చదివిన మనిషి. డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి పోతే డెమో క్లాసు చెప్పమన్నారు. బోర్డు ముందు నిలబడి 'వాకెడ్' అన్నది. వెనక బెంచీ మీద కూర్చున్న ఇద్దరు మేడంలు ఒకరినొకరు చూసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. క్లాసు సగంలో ఉండగానే "చాలమ్మా" అన్నారు.

ఆమె ఏడవలేదు. పాత పుస్తకాల దుకాణంలో క్యాసెట్టుతో సహా ఒక ఉచ్చారణ పుస్తకం కొనుక్కుని ఇంటికొచ్చింది. వంట చేస్తూ వినడం, అంట్లు తోముతూ అనడం. పెళ్లయి జఫర్‌గఢ్ వచ్చాక కూడా ఆ క్యాసెట్టు మోగుతూనే ఉంది. భర్త అబ్దుల్ బారీ ఆటో నడుపుతాడు. "నా ఆటోల పాటల కన్న నీ వంటింట్ల ఇంగ్లీషే ఎక్కువ మోగుతది" అని ఎగతాళి చేసేవాడు గాని, క్యాసెట్టు చుట్టుకుపోతే పెన్సిలు పెట్టి తిప్పి సరిచేసి ఇచ్చేది కూడా ఆయనే.

తెలంగాణ ఉద్యమం ఊరూరికీ పాకిన రోజుల్లో గౌసియా, జఫర్‌గఢ్‌కు దగ్గర్లోని ఒక తండా పక్క ప్రభుత్వ బడిలో విద్యా వలంటీరు. ఉద్యోగమంటే ఉద్యోగం కాదు. సార్లతో సమానంగా చెప్పాలి, సార్ల వరసలో మాత్రం కుర్చీ ఉండదు. పిల్లల్లో ఎక్కువమంది లంబాడీలు. ఇంట్లో వాళ్ల భాష ఒకటి, బడిలో తెలుగు, దాని మీద ఇంగ్లీషు. మూడో మెట్టు మీద నిలబడి కింద పడకుండా మాట్లాడమంటున్నాం ఆ పిల్లలను. పడితే నవ్వుతున్నాం.

ఆమె బోర్డు మీద రాసి మొదలుపెట్టదు. "గొంతు మీద ఏళ్లు పెట్టుండ్రి" అంటుంది. ఆట చెప్పినట్టు చెబుతుంది. మాట చివరికొచ్చేసరికి గొంతు మోగకుండా ఊరుకుంటే 'ట్' అనాలి: వాక్ట్, జంప్ట్. వేళ్లకింద తుమ్మెద తిరిగినట్టు మోగితే 'డ్' అనాలి: ప్లేడ్, క్లీన్డ్. మాటే ట తోనో డ తోనో ముగిస్తే అప్పుడు 'ఇడ్' అనాలి: వాంటిడ్, నీడిడ్. అంతే, మూడు చప్పుళ్లు. అరగంట గడిచేసరికి తరగతిలో ఒకరి గొంతు మీద ఒకరు చేతులు వేసుకుని ఉండేవారు. బయటి నుంచి చూసినవాళ్లు కొట్లాట అనుకునేవారు.

అసలు తిప్పలు తర్వాత మొదలయ్యేది. చెవికి 'ట్' అని వినబడ్డాక చెయ్యి కూడా టీ అక్షరమే రాస్తుంది. రాతను సరిచేస్తే నోరు మళ్లీ వాకెడ్ దగ్గరికి పోతుంది. అందుకని ఒకరోజంతా నోటి పని, మరునాడంతా చేతి పని పెట్టింది. నోటి పని రోజు పలకలు ముట్టనిచ్చేది కాదు. చేతి పని రోజు ఎవరూ మాట్లాడకూడదు. స్టాప్ట్‌లో లాగా పీ అక్షరం రెండుసార్లు ఎక్కడ రాయాలో, క్రైడ్‌లో లాగా వై పోయి ఐ ఎక్కడ వస్తుందో చూసి రాయడమే. హెడ్మాస్టరుకు ఇది పిచ్చిగా అనిపించినా వలంటీరును ఎవరు పట్టించుకుంటారని వదిలేశాడు.

ఆ తరగతిలో జమ్లీ అని ఐదో తరగతి పిల్ల. తండ్రి వాల్యా కూలి మనిషి. చలికాలం దాటితే మిరపకాయ ఏరడానికి ఇంటిల్లిపాదీ తోటల దిక్కు పోతారు, ఆ పిల్ల చదువు అక్కడికి ఆగుతుంది. ఆ ఏడు మాత్రం ఒక దారి కనబడింది. హన్మకొండలో ఒక ట్రస్టు వాళ్లు ఆడపిల్లల ఇంగ్లీషు బడి నడుపుతున్నారు. తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్లవే. తండా పిల్లలకు కొన్ని సీట్లిస్తారు. దసరా తర్వాత పరీక్ష. సగం రాసేది, సగం ఒక పేజీ గట్టిగా చదివి వినిపించేది. దరఖాస్తు గౌసియానే పెట్టించింది. "సీటస్తే ఈ పొల్లను మిరప తోటలకు తీస్కపోను, మాటిస్తున్న టీచరమ్మా" అన్నాడు వాల్యా. ఆ మాట మీద ఆమె ఆ పిల్లను పరీక్షకు తయారు చేయడం మొదలుపెట్టింది.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బొగ్గు బావులు ఆగాయి, బళ్లకు తాళాలు పడ్డాయి. గౌసియా సమ్మెకు ఎదురు కాదు. రోడ్ల మీద వంటావార్పు పెట్టిన రోజు పెద్ద గిన్నె నిండా బగారన్నం వండి బారీ ఆటోలో పంపింది, తానూ వెళ్లి వడ్డించింది. కానీ బడికి తాళం పడ్డ మరునాడే జమ్లీ, ఇంకో నలుగురైదుగురు పిల్లలు వచ్చి బడి మెట్ల మీద కూర్చున్నారు. ఆమె కూడా కూర్చుంది.

మండల జేఏసీ కన్వీనర్ దయాకర్ ఆ సంగతి విని ఇద్దరు పోరలను వెంటేసుకుని వచ్చాడు. భూములున్న ఇంటి మనిషి. చెడ్డవాడని చెప్పలేం. ర్యాలీలకు సొంత ట్రాక్టరు పెట్టాడు, పోలీసు దెబ్బలు తిన్నాడు.

"ఏంది చెల్లె, నీకు బంద్ లేదా?"

"బంద్ బడికి అన్నా. నేను మెట్ల మీదున్న."

పోరలు నవ్వారు. దయాకర్ నవ్వలేదు.

"మాటలు మంచిగ జెప్తవు. సకల జనులంటే సకల జనులే. నువ్వొక్కదానివి పాఠం జెప్తే రేపు పేపరోడు ఏం రాస్తడు?"

"గీ పొల్లకు దసరా పోంగనే పరీక్ష ఉంది. తప్పితే మిరప తోటకు పోతది. ఆ పరీక్షను నువ్వు బంద్ పెట్టిస్తవా?"

"అందరికీ ఏదో ఒకటి ఉంటది చెల్లె. మా ఇంట్ల లేదా?"

"మీ రిషితకు బంద్ ఉందా అన్నా?"

రిషిత దయాకర్ కూతురు. హన్మకొండలో కార్పొరేట్ హాస్టల్లో ఉంది. అక్కడ గేటుకు బయట తాళం, లోపల క్లాసులు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

"అది మన చేతుల లేదు" అన్నాడు దయాకర్.

ఇట్లాంటి చోటే మన ఉద్యమాలు కుంటుతాయి. మూసేయగలిగేది బీదవాళ్ల బడి ఒక్కటే. కలిగినవాళ్ల బడి లోపలినుంచి గడియ పెట్టుకుంటుంది.

గౌసియా తగవు పెంచలేదు. "టెంట్ల చెప్త అన్నా. మీ దీక్ష టెంట్ల ఓ మూలకు కూసుంటం. సమ్మె సమ్మెనే, పాఠం పాఠమే" అంది. దయాకర్ ముఖం విప్పారింది. దీక్షా శిబిరంలో బడి అంటే పేపరుకు ఫోటో. "అయితే ఒకటి. జిల్లా నాయకులు వచ్చిననాడు మీ పిల్లలు మైకుల మాట్లాడాలె" అన్నాడు. ఆమె సరే అంది. అనకుండా ఉంటే ఆ మూల దొరకదు.

జఫర్‌గఢ్ బస్టాండు పక్క టెంటులో బడి మొదలైంది. ఒక పక్క డప్పు, ఒక పక్క ఉపన్యాసం, మధ్య సందు దొరికినప్పుడు వాక్ట్, ప్లేడ్, వాంటిడ్. నిరాహార దీక్షకు కూర్చున్న నర్సమ్మ పిల్లలను చూసి తానూ గొంతు మీద వేళ్లు పెట్టుకుంది.

"ఏమన్న మోగుతుందా అవ్వా?" అడిగింది గౌసియా.

"గొంతుల ఏం లేదు బిడ్డా. కడుపుల మోగుతుంది."

టెంటంతా నవ్వింది, జమ్లీ కూడా. పడీపడీ నవ్వే పిల్ల అది. ఆ రోజుల్లోనే గౌసియాకు ఒక సంగతి తట్టింది. పిల్లలు వాక్ట్ అనమంటే 'వాక్టు' అని సాగదీస్తున్నారు, చివర ఉకారం లేనిదే నోరు ఊరుకోదు. "మనం 'వచ్చిండ్, పోయిండ్' అంటం గదా, చివరకు కత్తిరిచ్చినట్టు. గట్లనే కత్తిరియ్యిండ్రి" అంది. వెంటనే కుదిరింది. మన మాట తెగ్గొట్టినట్టుంటుందని సినిమాల్లో ఎన్నేళ్లు వెక్కిరించారో, ఆ తెంపే ఇక్కడ పనికొచ్చింది. ఆమె ఈ సంగతి సంబరంగా అందరికీ చెప్పింది. దయాకర్ దాన్ని తన ఉపన్యాసంలో కలుపుకున్నాడు.

నాయకులు వచ్చే రోజు రానే వచ్చింది. జమ్లీ పొద్దున్నే గౌసియా చున్నీ పట్టుకుంది.

"మైకుల వద్దు టీచర్."

"నేను పక్కనే ఉంట కదరా."

"ఇంకొన్ని రోజులైనంక."

ఇంకొన్ని రోజులు కావాలని గౌసియాకు కూడా తెలుసు. కానీ మాటిచ్చింది. మాట తప్పితే మూల పోతుంది, మూల పోతే పరీక్ష పోతుంది. ఇదీ ఆమె లెక్క. ఆ లెక్కలో ఆమె వేసుకోనిది జనం నవ్వు.

బస్టాండంతా జనం. దయాకర్ మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. మన భాషను కామెడీగాళ్ల నోట్లో, రౌడీల నోట్లో పెట్టి నవ్వుకున్నారనీ, నవ్వినవాళ్ల నోళ్లు మూయించే రోజు వస్తుందనీ అన్నాడు. చప్పట్లు మోగాయి. అప్పుడు జమ్లీని పిలిచారు. మైకు ఆమె ఎత్తుకు వంచారు. జమ్లీ గొంతు మీద వేళ్లు పెట్టుకుంది. "వాక్ట్" అంది. బాగానే వచ్చింది. "ప్లేడ్" అంది. లౌడు స్పీకరులో తన గొంతు తనకే వేరుగా వినబడి బెదిరింది. మూడో మాట దగ్గర నాలుక తిరిగి, "వాంటిడిడ్" అంటూ చివర తన తండా యాసలో సాగదీసింది.

వెనక నుంచి ఎవడో "డిడిడిడి" అని అరిచాడు. మేకను పిలిచినట్టు. నవ్వు లేచింది. దయాకర్ మైకు అందుకున్నాడు. పిల్లను ఆదుకుందామనే అందుకున్నాడేమో.

"నవ్వకుండ్రి, నవ్వకుండ్రి! మా లంబాడి పొల్ల ఇంగ్లీషు ఇంటే తెల్లదొర గూడ తండాల మక్కజొన్న ఏరుకుంటడు!"

ఈసారి అందరూ నవ్వారు, వేదిక మీది పెద్దలతో సహా. జమ్లీ గొంతు మీది చెయ్యి తీసేసింది.

గౌసియా మెట్లెక్కి వెళ్లి మైకు దగ్గర నిలబడింది.

"మన మాట మీద నవ్విన్రని గింతసేపు జెప్పినవు అన్నా. గిప్పుడు మీరు జేసిందేంది?"

 వెంటనే ఎవరో సైగ చేశారు, డప్పు మోగింది. ఆమె గొంతు దానిలో కలిసిపోయింది. మరునాటికి టెంటులో ఆ మూలన బడికి చోటు లేకుండా కుర్చీలు వేశారు.

జమ్లీ రావడం మానేసింది. గౌసియానే తండాకు పోయింది. పిల్ల ఇంటి ముందు కూర్చుని ఉంది. పలక తీసుకుంది, చెప్పినవన్నీ రాసింది. పీ అక్షరాలు రెండు రాయాల్సిన చోట రెండే రాసింది, వై పోవాల్సిన చోట పోగొట్టింది. ఒక్క తప్పు లేదు. చదవమంటే తల అడ్డంగా ఊపింది.

"నువ్వు చెప్పు టీచర్, నేను రాస్త."

"పరీక్షల చదవాలె కదరా."

చాలా బతిమాలాక గుసగుసగా చదివింది. గౌసియా ఆ పిల్ల గొంతు మీద తన వేళ్లు ఆనించింది. ఏమీ మోగలేదు. గుసగుసలో గొంతు మోగదు. డ కూడా ట లాగే ఊదుకుపోతుంది. ఇన్నేళ్లు తాను చెప్పిన పాఠమంతా గొంతు మోగడం మీద నిలబడింది. ఆ మోత ఆగిపోతే ఏం చెయ్యాలో ఆమె పుస్తకంలో లేదు, క్యాసెట్టులో లేదు. రోజూ సాయంత్రం పోయింది. పాటలు పాడించబోయింది. తన కూతురు సుమయ్యాను తోడు తీసుకుపోయి ఇద్దరినీ ఆడించింది. ఆటలో అరిచే పిల్ల, పుస్తకం తెరవగానే గొంతు మూసుకునేది.

పరీక్ష రోజుకు కూడా సమ్మె సాగుతూనే ఉంది. బస్సుల్లేవు. బారీ ఆటో తీశాడు. "రాస్తారోకోల పగలగొడితే పగలగొట్టనీ, చూద్దాం" అన్నాడు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పెద్ద రోడ్డుకు ఎక్కేచోట ముళ్లకంపలు అడ్డం వేసి ఉన్నాయి. దయాకర్ అక్కడే ఉన్నాడు. ఆటోలో ఎవరున్నారో చూసి దగ్గరికి వచ్చాడు. ముఖంలో ఏదో ఇబ్బంది. దాన్ని నవ్వుతో కప్పుకుందామని చూశాడు.

"ఏదీ బిడ్డా, ఒక్కసారి ఆ పాఠం జెప్పి పో. కంప నేనే తీస్త."

జమ్లీ బారీ వీపు వెనక్కి ఒదిగింది.

"దారియ్యనీకె గూడ పరీక్షనా అన్నా?" అంది గౌసియా. 

 దయాకర్ తానే వంగి కంప ఈడ్చాడు. ముల్లు గుచ్చుకుని చెయ్యి విదిలించుకోవడం ఆటోలోంచి కనబడింది.

హన్మకొండలో రాత పరీక్ష జమ్లీ అందరికన్నా ముందు రాసి ఇచ్చింది. చదివించే గదిలోకి గౌసియాను రానివ్వలేదు. కిటికీ బయట నిలబడింది. లోపల మేడం మంచి మనిషిలాగే ఉంది. "గట్టిగా చదువమ్మా" అంది. కాసేపాగి, "ఇంకొంచెం గట్టిగా" అంది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది. కిటికీ దాకా ఒక్క అక్షరమూ రాలేదు. పక్క గదిలో ఎవరో పిల్ల గడగడా చదువుతోంది, అదే వినబడింది.

సీటు రాలేదు. రాతలో మార్కులు బాగున్నాయనీ, చదవడం రాదనీ ఆ సాయంత్రమే చెప్పారు. చదవడం రాదట. ఆ మాట గౌసియా ఇంటికి తెచ్చుకోలేకపోయింది. తిరుగుదారిలో జఫర్‌గఢ్ బస్టాండు దగ్గర ఆటో ఆపించి టెంటులోకి పోయింది. ఉపన్యాసాలు లేవు, పదిమంది ఉన్నారు. మైకు అడగలేదు. నిలబడే చెప్పింది.

"జమ్లీకి సీటు రాలే."

నర్సమ్మ "అయ్యో" అంది. దయాకర్ తల దించుకుని, "రాష్ట్రం రానియ్యి చెల్లె. అప్పుడు సీట్లన్నీ మనయే" అన్నాడు. నిజంగా నమ్మే అన్నాడు.

"అప్పటిదాంక జమ్లీ ఈడు ఆగుతదా అన్నా?"

సమ్మె ముగిసింది. బడి తాళాలు తీశారు, పోయిన పాఠాలు ఎవరూ తిరిగి చెప్పలేదు. సంక్రాంతి దాటాక ఒక పొద్దున తండా ముందు లారీ ఆగింది. భూపాలపల్లి దిక్కు, గోదావరి ఒడ్డు మిరప తోటలకు. బియ్యం మూటలు, గిన్నెలు, దుప్పట్లు, కోళ్ల గంప, ముసలీ పిల్లా అందరూ ఎక్కుతున్నారు. జమ్లీ అప్పటికే మూటల మధ్య కూర్చుని ఉంది. గౌసియా పరుగెత్తుకుంటూ వచ్చింది.

"వాల్యా, పిల్లను దించు. బడి అయ్యేదాంక నా ఇంట్ల ఉంటది."

"సీటస్తే ఉంచుత అన్న టీచరమ్మా. రాలే కదా."

"సీటు రాకుంటే సదువే వద్దా?"

"ఇంకో రెండు చేతులు లేకుంటే తోటల మాకు ఎల్లదు." వాల్యా గొంతు తగ్గించాడు. "అదీగాక, మీ ఇంట్ల అంటే... మా కులపోళ్లు ఏమంటరో ఏమో. మీ తిండి ఏరు, మా తిండి ఏరు."

"తోటల గూడ మీ కారం ముద్దనే గదా తింటది? నా ఇంట్ల గూడ పిల్లకు ఏది కావాల్నో అదే వండుత. ఇంకేంది?"

వాల్యా తల గోక్కున్నాడు. పెళ్లాం దిక్కు చూశాడు. ఆమె పిల్ల దిక్కు చూసింది. డ్రైవరు హారన్ కొట్టాడు. "తేల్చుకోండ్రి, ఎండ పడుతది."

మూటల మధ్య నుంచి జమ్లీ లేచింది. తండా భాషలో తండ్రి మీద అరిచింది. లారీలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూసేంత గట్టిగా. నేను రాను, ఉంటాను అని దాని అర్థం. గౌసియాకు ఆ భాష అంతంతమాత్రమే. ఆ మాటలు మాత్రం తెలిశాయి.  వాల్యా పిల్లను చంకల్లో పట్టుకుని కిందికి దించాడు. తల్లి పైనుంచి ఒక దుప్పటి విసిరింది.

లారీ మలుపు తిరిగేదాకా జమ్లీ అటే చూసింది.  ఇంటికొచ్చాక సుమయ్యా తన చాపలో సగం చోటిచ్చింది. ఆ సాయంత్రం గౌసియా పుస్తకం తీయలేదు. మరునాడూ తీయలేదు. ఆ ఏడు జమ్లీ ఇంగ్లీషు ఒక్కసారి కూడా గట్టిగా చదవలేదు. గౌసియా చదవమని అడగలేదు. రోజూ బడికి మాత్రం ఇద్దరూ కలిసే పోయారు.